రాతి పగులులో కూర్చున్నవాడు

తేనెకొండ అడవిలో దుప్పులు, కుందేళ్లు, కొండముచ్చులు, అడవిపందులు, రకరకాల పిట్టలు ఉండేవి. అడవి నడుమ ఒక పెద్ద నల్లరాయి ఉండేది. రాయికి ఎదురుగా పచ్చిక లోయ. లోయకు ఒక పక్కన వాగు. గడ్డి తినే జంతువులన్నీ పొద్దున్నే లోయలోకి దిగి, పొద్దువాలే వేళకు నల్లరాయి దగ్గరికి తిరిగి వచ్చేవి.

ఆ వేళకు అక్కడ అడవితల్లికి పాట పాడేవారు. ఆ పాట ఎన్ని తరాలుగా వస్తోందో ఎవరికీ తెలియదు. వాన పడినా, గాలి కొట్టినా ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

పాడేది చిగురమ్మ అనే కోయిల. రాయి మీదికి వంగిన నేరేడు కొమ్మ ఆమె చోటు. తాళం వేసేవాడు బ్రహ్మయ్య అనే వడ్రంగిపిట్ట. రాయి పక్కనే ఎండి నిలిచిన మద్దిమానును ముక్కుతో కొట్టి తాళం వేసేవాడు.

ఇంకొకడు ఉన్నాడు. నల్లరాయి మధ్యలో సన్నటి పగులు ఉంది. అందులో ఒక కీచురాయి కూర్చునేవాడు. అతను పాడడు, తాళం వేయడు. రెక్కకు రెక్క రాస్తూ ఒకే ఒక్క స్వరాన్ని పట్టి ఉంచుతాడు. పాట మొదలుకాకముందే అది మొదలవుతుంది. పాట ముగిశాకే ఆగుతుంది. దాన్ని శ్రుతి అంటారు. పాట ఎంత పైకి పోయినా, ఎన్ని మలుపులు తిరిగినా, చివరికి వచ్చి చేరవలసిన గూడు అదే.

ఆ చిన్న రెక్కల చప్పుడు పగులులో పడితే రాయంతా పలికేది. లోయ చివరిదాకా వినబడేది. అయినా దాన్ని విన్నామని ఎవరూ అనుకోలేదు. ఆకుల గలగలలాగా అదీ అడవిలో ఎప్పుడూ ఉండేదే అనుకున్నారు.

పాట అయ్యాక ఒక ఆనవాయితీ ఉండేది. అడవికి పెద్దదైన ఏనుగు శేషమ్మ తొండం పైకెత్తి, రాయి దగ్గర కనబడుతున్నవారి పేర్లు చెప్పేది. "అడవితల్లీ, ఈ రోజు పాట చిగురమ్మది. తాళం బ్రహ్మయ్యది. ఈ పేర్లు గుర్తుంచుకో తల్లీ," అనేది. చనిపోయినవారి పేరు కూడా అలాగే ఏడాది పాటు సాయంత్రం సాయంత్రం చెప్పేవారు. పేరు చెబితేనే ఆ ప్రాణం అడవితల్లి ఒడికి చేరుతుందని వాళ్ల నమ్మకం.

ఒకనాడు బ్రహ్మయ్య పగులులోకి తొంగిచూశాడు.

"బావా, రేపు నువ్వూ పైకి వచ్చి కూర్చోరాదూ? నీ పేరూ చెబుతారు."

"పైకి వస్తే రాయి పలకదు బావా," అన్నాడు కీచురాయి. "మా తాత ఇక్కడే కూర్చున్నాడు. మా నాన్న ఇక్కడే కూర్చున్నాడు. నేను ఎక్కడికి పోను?"

"మరి నీ పేరు అమ్మకు ఎవరు చెబుతారు?"

"రోజూ ఆమె ముందే కూర్చుంటున్నాను. ఆమాత్రం తెలియదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. బ్రహ్మయ్య ముక్కు తుడుచుకుని గూటికి పోయాడు.

ఆషాఢం వచ్చింది. పొరుగుకొండ నుంచి నాలుగు నెమళ్లు పాట వినడానికి వచ్చాయి. పాట అయ్యాక వాటిలో పెద్ద నెమలి మెడ వంచి అంది:

"పాట అమృతమే చిగురమ్మా. కానీ కింద ఆ గీమనే రొద ఏమిటి? రాయికి పురుగు పట్టిందా?"

మిగతా మూడు నెమళ్లు పకపకా నవ్వాయి. చిగురమ్మకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు పోగానే శేషమ్మ దగ్గరికి వెళ్లింది.

"పెద్దమ్మా, ఇక నా పాటలో ఆ రొద ఉండడానికి వీల్లేదు. ఆ పురుగును పంపించెయ్యి."

"ఏ పురుగే?"

"రాతి పగులులో ఉన్నవాడు."

శేషమ్మ విస్తుపోయింది. "అక్కడ ఒక ప్రాణం ఉందా? ఇన్నేళ్లూ రాయే పలుకుతోంది అనుకున్నాను."

బ్రహ్మయ్య ఆ మాట విని ముందుకు వచ్చాడు. "పెద్దమ్మా, మా బావ లేకపోతే నాకు తాళం నిలవదు. చిగురమ్మకు పాటా నిలవదు."

"చెట్లు పొడిచేవాడివి, పాట సంగతి నీకెందుకు బ్రహ్మయ్యా?" అంది చిగురమ్మ. "నీ పని నువ్వు చూసుకో."

"నా పనే చెబుతున్నానమ్మా. కొమ్మ ఎంత ఊగినా మాను నిలబడి ఉండాలి. మాను లేకుండా కొమ్మ ఎక్కడ ఊగుతుంది?"

శేషమ్మకు బ్రహ్మయ్య మాట నిజమేనేమో అనిపించింది. కానీ చిగురమ్మ అలిగితే రేపు పాట ఆగిపోతుంది. అంతకాలంగా ఆగని పాట తన పెద్దరికంలో ఆగకూడదని భయపడింది. కీచురాయిని పిలిపించి, వేరే చోటు చూసుకొమ్మని చెప్పింది.

కీచురాయి తగవు పెట్టుకోలేదు. "ఎక్కడికి పొమ్మంటారు?" అని మాత్రం అడిగాడు.

"వాగు గట్టున బోలెడు రెల్లు ఉంది. అక్కడ నీ ఓపిక ఉన్నంతసేపు అరుచుకో," అంది చిగురమ్మ.

అతను రాయికి తల ఆనించి దణ్ణం పెట్టుకున్నాడు. "అమ్మా, మా నాన్న ఇచ్చిపోయినది ఇన్నాళ్లు పట్టి ఉంచాను. ఇక నీ ఇష్టం," అన్నాడు. తరువాత చిన్న చిన్న గెంతులు వేస్తూ వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ దూరకుండా కొండముచ్చుల చేత బంకమట్టి తెప్పించి చిగురమ్మ ఆ పగులును పూడ్పించింది.

మొదటి రోజు పాట అద్దంలాగా ఉంది. ఒక్కొక్క గమకం విడిగా వినబడింది. "ఇన్నాళ్లకు అసలు పాట విన్నాం," అన్నాయి కుందేళ్లు.

రెండో రోజు చిగురమ్మ కూత ఒకటి వేసింది. రెండోది దానికంటే కొంచెం పైన పడింది. మూడోది ఇంకొంచెం పైన. దిగి రావాలంటే ఎక్కడికి దిగాలో ఆమెకు తెలియలేదు. గొంతు పైపైకి పోయి చివర్న తెగిపోయింది.

"గాలి మారింది," అంది చిగురమ్మ.

బ్రహ్మయ్య తాళం కూడా పాట వెంట పరిగెత్తి అలిసిపోయింది. మూడో రోజూ అంతే. నాలుగో రోజూ అంతే. కొమ్మలో లోపం ఉందేమోనని చిగురమ్మ ఒక్కో కూతకు ఒక్కో కొమ్మ మారడం మొదలుపెట్టింది.

అయిదో రోజు ముసురు పట్టింది. మధ్యాహ్నానికే మబ్బు కొండ దిగి లోయ అంతా కమ్ముకుంది. పొద్దువాలే వేళకు పక్కన నడిచే దుప్పి పక్క దుప్పికి కనబడలేదు.

లోయలో మంద ముందు నడిచేది చుక్కమ్మ అనే దుప్పి. ఆమె కూన పుట్టి ఇంకా నాలుగు రోజులే. అది తల్లి ముందుకాళ్ల మధ్యనే నడుస్తోంది. చుక్కమ్మ భయపడలేదు. ఎంత మబ్బు కమ్మినా పాట విని రాయి దగ్గరికి చేరడం ఆమెకు అలవాటే. చెవులు నిక్కించి నిలబడింది.

ఎడమ వైపు నుంచి ఒక కూత వినిపించింది. మంద అటు నడిచింది. తరువాత కుడివైపు నుంచి ఇంకొకటి, ఇంకా పైన. మంద ఇటు తిరిగింది. ఆ తరువాతి కూత ఎక్కడో ఆకాశంలో సన్నగా పలికి తెగిపోయింది.

"ఎటు పోదాం చుక్కక్కా?" అని వెనక నుంచి ఒక దుప్పి అడిగింది.

చుక్కమ్మ చెవులు అటూ ఇటూ తిప్పింది. రాయి మీద శేషమ్మ ఘీంకరించింది. ఆ ఘీంకారం కొండలకు తగిలి నాలుగు వైపుల నుంచీ తిరిగి వచ్చింది. మంద ఇంకా తికమకపడింది.

అప్పుడు ఒక పక్క నుంచి చిన్న చప్పుడు వినిపించింది. పైకి పోదు, కిందికి దిగదు. ఒకేలాగా, ఒకే చోటి నుంచి వస్తోంది. అది ఏమిటో చుక్కమ్మ చెవులకు తెలియలేదు. కాళ్లకు తెలిసింది. పుట్టినప్పటి నుంచి ఆ కాళ్లు నడిచింది ఆ చప్పుడు వైపే.

"ఇటే ఇల్లు. రండి," అంది.

అది ఇల్లు కాదు. అది వాగు గట్టు. కీచురాయి అక్కడ రెల్లులో కూర్చుని, పొద్దువాలే వేళ తప్పిపోకూడదని, ఒంటరిగా శ్రుతి పడుతున్నాడు. వాగు ఎర్రనీటితో గట్టు అంచుదాకా పారుతోంది.

బురదలో గిట్టల చప్పుడు అతనికి వినిపించింది. ఒకటి కాదు, పదుల కొద్దీ గిట్టలు. తన వైపే వస్తున్నాయి. ఎందుకు వస్తున్నాయో అర్థం కాగానే రెక్కలు ఆపేశాడు.

గిట్టలూ ఆగిపోయాయి. చుక్కమ్మ ముందుకాళ్లు తడి మట్టి మీద జారుతున్నాయి. ఇంకో నాలుగు అడుగుల్లో నీళ్లు.

"అమ్మా, ఇటు రాకండి, వాగు ఉంది," అని అరిచాడు. అంత చిన్న గొంతు వాగు హోరులో ఎవరికి వినబడుతుంది? రెక్కలు ఆడిస్తే వాళ్లు నీళ్లలోకి వస్తారు. ఆడించకపోతే మబ్బులో తిరిగి తిరిగి ఎక్కడో అక్కడ నీళ్లలోనే పడతారు. వాళ్లను రప్పించవలసిన చోటు ఒక్కటే ఉంది.

కీచురాయి వానలోకి గెంతాడు. వాన చినుకు మనకు చినుకే. అతనికి ఒక్కొక్కటి నెత్తిన పడ్డ కుండెడు నీళ్లు. పడ్డాడు, లేచాడు, ఆకుల కింద దూరాడు, మళ్లీ గెంతాడు. నల్లరాయి చేరేసరికి పగులు కనబడలేదు. బంకమట్టి ఉంది.

"బావా," అని పిలిచాడు.

బ్రహ్మయ్య మాను మీద నుంచి వాలాడు. తడిసి ముద్దయిన స్నేహితుణ్ణి చూశాడు. ఏమిటని అడగలేదు. ముక్కుతో మట్టిని పొడవడం మొదలుపెట్టాడు. ముక్కు చివర చిట్లి నెత్తురు వచ్చింది. ఆగలేదు. చివరికి కీచురాయి దూరేంత సందు అయింది.

తడి రెక్కలు పలకలేదు. అతను మళ్లీ రాశాడు. పలకలేదు. అంచులు చిరుగుతున్నా ఇంకా గట్టిగా రాశాడు. అప్పుడు రాయి పలికింది.

కొమ్మ మీద చిగురమ్మ నోరు మూసుకుంది. ఆమె గొంతు అప్పటికే జీరపోయింది. ఆ స్వరాన్ని ఆమె మొదటిసారి పాడకుండా కూర్చుని విన్నది.

లోయలో చుక్కమ్మ కాళ్లు తిరిగాయి. మంద తిరిగింది. ఒక్కొక్క దుప్పీ మబ్బులో నుంచి బయటపడి రాయి దగ్గరికి వచ్చింది. శేషమ్మ ఒక్కొక్కరి వీపునూ తొండంతో తడిమింది. అందరికంటే చివర చుక్కమ్మ వచ్చింది. ఆమె కాళ్ల మధ్య కూన ఉంది. మోకాళ్లదాకా బురద.

"అందరూ వచ్చేశారు నాయనా. ఇక చాలు," అంది శేషమ్మ, పగులు వైపు వంగి.

చప్పుడు ఆగింది.

"బావా, పైకి రా," అన్నాడు బ్రహ్మయ్య. "ఈ రోజు నీ పేరు చెప్పకుండా ఎవరినీ ఇక్కడి నుంచి కదలనివ్వను."

లోపలి నుంచి మాట రాలేదు. కాసేపు చూసి, బ్రహ్మయ్య చిట్లిన ముక్కుతోనే మెల్లగా అతన్ని బయటికి తీశాడు. ఎండుటాకు బరువు కూడా లేడు. రెక్కలు రెండూ పీలికలయ్యాయి.

మరునాడు పొద్దువాలే వేళకు అడవి అంతా వచ్చింది. శేషమ్మ అతన్ని నేరేడు ఆకులో పడుకోబెట్టి, రాయి ముందు నిలబడి తొండం ఎత్తింది.

"అడవితల్లీ, మా అందరి ప్రాణాలు కాపాడినవాడు వస్తున్నాడు. వీడి పేరు..."

ఆగిపోయింది. చుట్టూ చూసింది.

"పేరేమిటి?"

కుందేళ్లు దుప్పుల వైపు చూశాయి. దుప్పులు కొండముచ్చుల వైపు చూశాయి.

"చిగురమ్మా, నీ పక్కన ఇన్నేళ్లు కూర్చున్నాడు కదా. నీకు తెలియదా?"

"రొద అనే అన్నాను పెద్దమ్మా," అంది చిగురమ్మ జీరగొంతుతో. తల ఎత్తలేదు.

"బ్రహ్మయ్యా, నీ స్నేహితుడు కదా."

"బావా అనే పిలిచాను పెద్దమ్మా," అన్నాడు బ్రహ్మయ్య. "బావా అంటే పలికేవాడు. ఇంక అడగలేదు."

శేషమ్మకు నాలుగు తరాల పేర్లు గుర్తున్నాయి. వాగు ఎండిన ఏట పుట్టిన పందిపిల్లల పేర్లు కూడా గుర్తున్నాయి. ఆ ఒక్క పేరు లేదు. ఎత్తిన తొండం అలాగే మెల్లగా దించేసింది. అడవితల్లికి ఆ సాయంత్రం ఏ పేరూ చెప్పలేదు.

నల్లరాయి పగులులో మళ్లీ ఎవరూ కూర్చోలేదు. కోయిల ఇప్పటికీ పాడుతుంది. మీరు చెవి పెట్టి వినండి. కూత కూతకూ గొంతు పైకి పోతుంది. దిగే చోటు తెలియక చివర్న తెగిపోతుంది. వడ్రంగిపిట్ట ఇప్పటికీ చెట్టు చెట్టునూ తడుతుంది. తట్టి, ఆగి, చెవి ఆనిస్తుంది. ఆ పేరు తెలిసినవారు, అతని చుట్టపువారు ఎవరైనా బెరడు కింద ఉన్నారేమోనని. ఎవరూ పలకకపోతే ఇంకో చెట్టుకు పోతుంది.

నీతి: పాట నచ్చినప్పుడు పాడినవారిని మెచ్చుకుని ఊరుకోకూడదు, కనబడకుండా ఆ పాటను నిలబెట్టినవారి పేరు, వారు పలికే రోజుల్లోనే అడిగి తెలుసుకోవాలి.