వాగు నడుమ కుదిరిన ధర

కొండలకు అవతల, మనవాళ్లెవరూ వెళ్లి చూడని ఒకానొక రాజ్యాన్ని ఉద్దండభూపాలుడనే రాజు ఏలేవాడు. యుద్ధమంటే ఆయనకు గిట్టదు. బిరుదులంటే మాత్రం ప్రాణం. ఏనుగెక్కి వీధిలోకి వచ్చారంటే మలుపు మలుపునా వందిమాగధులు ఆయన బిరుదులన్నీ చదవాల్సిందే. అవి పూర్తయ్యేదాకా పురుగు కూడా కదలడానికి వీల్లేదు.

ఆ కొలువులో మాదయ్య అనే ఆయన సలహాలు చెప్పి బతికేవాడు. ఇంటి అరుగు మీదా అదే పని. సరుకు ఎప్పుడు అమ్మాలో వర్తకులు అడిగేవారు, పొలం ఎలా పంచుకోవాలో అన్నదమ్ములు అడిగేవారు. చెప్పేది ఒకటి రెండు మాటలే. "మీకు కలిసొచ్చినదాన్ని బట్టి ఇవ్వండి" అనేవాడు. జనం సంతోషంగానే ఇచ్చేవారు.

రాజుగారి తీరు వేరు. సలహా చెప్పేదాకా ఊపిరాడనివ్వరు, చెప్పాక ఇది నాకూ తెలుసు, దీనికి ఇంత ఇవ్వాలా అంటారు. ఆ మనసు కనిపెట్టిన మంత్రి బొమ్మన కొత్త కట్టుబాటు తెచ్చాడు. అడుగున చిల్లున్న రాగిగిన్నెను నీళ్లతొట్టిలో వదులుతారు. అది మునిగితే ఒక గడియ. ఇకనుంచి ఎవరు సలహా చెప్పినా గడియకొక వరహా. కొలువులోనే కాదు, ఊరంతటా ఇదే లెక్క.

దాంతో వాచస్పతి అనే పండితుడి పంట పండింది. బావి ఎక్కడ తవ్వాలని అడిగితే ఆయన సముద్రాలు ఎలా పుట్టాయో అక్కణ్ణుంచి అందుకునేవాడు. గిన్నెలు మునిగేవి, వరహాలు రాలేవి, బావి మాత్రం పడేది కాదు. ఆయన మేడ కట్టాడు. గిన్నెలో చుక్క ఊరేలోపే మాదయ్య సలహా అయిపోయేది. ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైంది. మీరూ నాలుగు మాటలు సాగదీయకూడదా అని భార్య కామసాని పోరింది. అది ఆయనకు చేతకాదు, చేతనైనా చేసేవాడు కాదు. వానలు తగ్గగానే పొరుగు రాజ్యం పోదామని మూటలు కట్టించాడు. పుట్టిపెరిగిన ఊరు వదలడం ఆయనకు ఇష్టం లేదు.

ఇంతలో రాజుగారికి విజయయాత్ర చేయాలని బుద్ధి పుట్టింది. ఎవరి మీద విజయమని అడిగే ధైర్యం ఎవరికుంది? ఊరి పక్క వాగు దాటి రావాలని నిర్ణయించారు. ఊరంతా ఒడ్డుకు రావాలని చాటింపు వేశారు. బంగారు కవచం తొడుక్కుని ఏనుగు మీద అంబారీలో కూర్చుని రాజుగారు తిరిగి వస్తుంటే, ఒడ్డున వందిమాగధులు గొంతెత్తి బిరుదులు అందుకున్నారు.

ఏనుగు వాగు నడుమ ఆగిపోయింది. మావటి పొడిచాడు, బతిమాలాడు, తిట్టాడు. అది చెవి కూడా ఆడించలేదు. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది, ఎర్రనీళ్లు వచ్చి అంబారీ అంచుకు తగిలాయి. ఆ వడిలో పడవ నిలవదు. కవచం బరువుకు రాజుగారు ఈదలేరు. ఆయనకు ధైర్యం రావాలని వందిమాగధులు ఇంకా గట్టిగా చదవసాగారు.

బొమ్మన వెంటనే వాచస్పతిని ముందుకు తోశాడు, గిన్నెను తొట్టిలో వేయించాడు. పండితుడు గొంతు సవరించుకుని అష్టదిగ్గజాల జననం మొదలుపెట్టాడు. మూడో దిగ్గజం పుట్టేసరికి నీళ్లు రాజుగారి మోకాళ్లకు వచ్చాయి. ఆయన మాదయ్యను కేకేశారు.

మాదయ్య ఒడ్డు అంచుకు వచ్చాడు. "ప్రభూ, నా దగ్గరున్నది ఒక్క మాట. గిన్నె లెక్కన దానికి గవ్వ కూడా రాదు. ధర ముందు తేలాలి."

"ఒడ్డుకు రానీ, తేలుద్దాం."

"ఒడ్డున ఏలినవారికి అన్నీ తెలిసిపోతాయి. దాని విలువ ఇప్పుడు తెలిసినంతగా అప్పుడు తెలియదు."

రాజుగారు పది వరహాలన్నారు. నీళ్లు నడుముకు వచ్చాయి. నూరన్నారు. నీళ్లు ఛాతీకి వచ్చాయి. ఇక బేరం మానేసి, గిన్నె కట్టుబాటు రద్దు, పైగా ఒక ఊరి శిస్తు ఏటా నీకే అని ఊరంతా వినేలా అరిచారు.

"బిరుదులు ఆపించండి" అన్నాడు మాదయ్య. "అవి చదువుతుంటే కదలకూడదని గున్నగా ఉన్నప్పటినుంచి కొట్టి నేర్పారు దానికి. పాపం, అది మీ ఆజ్ఞే పాటిస్తోంది."

ఇక్కడ కూడా రాజుగారు ఒక్క క్షణం తటపటాయించారు. ఇంకా పన్నెండు బిరుదులున్నాయి, మధ్యలో ఆపితే అపశకునం కాదా అని అడగబోయారు. అడగడానికి తెరిచిన నోట్లోకి నీళ్లు పోయాయి. ఉక్కిరిబిక్కిరై చెయ్యి ఊపారు. ఒడ్డు నిశ్శబ్దమైంది. ఏనుగు చెవులు విదిలించి, తాపీగా నడిచి ఒడ్డెక్కింది.

ఒళ్లు తుడుచుకుంటున్న రాజుగారి చెవిలో బొమ్మన గొణిగాడు. మాదయ్య మాట్లాడినంతసేపట్లో గిన్నె సగం కూడా మునగలేదట. అయినా నోళ్లు మూయించమనడం ఎవరికైనా తోచే సలహాయేనట. దానికి ఊరి శిస్తు ఎందుకు, అర వరహా చాలదా అన్నాడు.

రాజుగారు మావటిని పిలిచి, మంత్రిగారిని ఎక్కించుకుని వాగు నడుమకు తీసుకెళ్లమన్నారు. వందిమాగధులను సిద్ధంగా ఉండమన్నారు.

"ధర తగ్గించాలంటే అక్కణ్ణుంచి చెప్పండి మంత్రిగారూ, వింటాను" అన్నారు.

ఏనుగు నడుమకు చేరింది. వందిమాగధులు అందుకున్నారు. మొదటి బిరుదు పూర్తికాకముందే మంత్రిగారు మాదయ్యకు రెండో ఊరు కూడా ఇవ్వాలని కేకలు పెట్టారు. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, ఇచ్చాం అన్నారు.