తిరుపాలమ్మ పరిచిన చాపలు

పూర్వం గంధవరం పేటలో తిరుపాలమ్మ తుంగచాపలు అల్లి అమ్మేది. అల్లినవన్నీ ఇంట్లో గుట్టగా పడి ఉన్నాయి, కొనే నాథుడు లేడు. నలుగురి కళ్లలో పడదామని వర్తక సంఘంలో చేరింది.

"నా సరుకు గురించి సభలో ఒక్క మాట చెప్పుకోనివ్వండయ్యా" అని సంఘం పెద్ద చిదంబరశెట్టిని అడిగింది.

"ఇక్కడ మాట్లాడేది నేనొక్కణ్ణే. కొత్తగా చేరినవాళ్ల పని సభకు చాపలు పరవడం. వెళ్లి పరిచిరా" అని ఆయన మీసం దువ్వాడు.

తిరుపాలమ్మ వెళ్లి, సావడిలో సగానికి సంఘంవారి పాత ఈతచాపలు, మిగతా సగానికి తన మెత్తటి తుంగచాపలు పరిచింది.

శెట్టి తన గొప్పలు ఎత్తుకున్నాడంటే పొద్దు వాలేదాకా ఆపడు. ఈతచాపల మీదవాళ్లు అటు ఒరిగి, ఇటు ఒరిగి, నడుములు పట్టుకుని మూలిగారు. తుంగచాపల మీదవాళ్లు హాయిగా కునుకు తీశారు. సభ ముగియగానే వర్తకులంతా తిరుపాలమ్మ చుట్టూ మూగారు. ఇంట్లో గుట్టంతా ఖాళీ అయింది.

శెట్టికి ఒళ్లు మండింది. "నోరు విప్పకుండా ఇంత బేరం ఎలా చేశావే?"

"నాదేముందయ్యా, అంతా మీ చలవే! మీరు అంతసేపు మాట్లాడబట్టే కదా నా చాప విలువ అందరికీ తెలిసింది. వచ్చే సభలో ఇంకాస్త సాగదీయండి, ఇంకో గుట్ట అల్లుతున్నాను."

ఆ ఉక్రోషంతో మరుసటి సభలో శెట్టి రెండే మాటల్లో ముగించాడు. సంఘంలో చేరినందుకు ఆ రోజే మొదటిసారి అందరికీ లాభం దక్కింది.