దళవాయి పేరు, బండి దీపం

కొండవాగు రాజ్యంలో ఏ ఇల్లు అంటుకున్నా ఎద్దులు కట్టిన నీళ్లబండ్లు పరుగున వెళ్లేవి. పరుగందుకోగానే గాలికి వాటి ముందరి దీపాలు ఆరిపోయేవి. అలా చీకట్లో వచ్చిన బండి కింద పడి మేదరి సింగమ్మ మొగుడి కాలు విరిగింది.

సింగమ్మ వెళ్లి, ఆ బండ్లు చేయించిన సేనాధిపతి, దళవాయి చెన్నమనాయుడికి మొరపెట్టుకుంది.

"దీపాలకేం? నా వాకిట్లో నిలబెట్టి చూశాను, తెల్లారేదాకా వెలిగాయి," అన్నాడాయన మీసం సవరించుకుంటూ. "ఇప్పుడు బండ్లు వెనక్కి రప్పిస్తే, తప్పు నాదేనని ఊరంతా అనుకోదూ?"

ఈయనతో వాదించడం గోడకు చెప్పుకోవడమేనని సింగమ్మకు అర్థమైంది. "నిజమే దొరా. కానీ ఇంత గొప్ప బండ్లు చేయించిందెవరో జనానికెలా తెలుస్తుంది? ఒక్కదాని మీదా తమరి పేరు లేదే!" అంది.

దళవాయి ఉలిక్కిపడ్డాడు. పేరు చెక్కించాలి, బండ్లన్నీ కోటకు తెమ్మని అప్పటికప్పుడే చాటింపు వేయించాడు.

చెక్కడం పూర్తయ్యాక సింగమ్మను పిలిపించి మరీ చూపించాడు.

"ఎంత బాగుందో దొరా! కాకపోతే, రాత్రిపూట పరుగులో దీపం ఆరిపోతే ఈ పేరు ఎవరికి కనబడుతుంది?"

దళవాయి ముఖం మాడిపోయింది. "ఒక్క దీపం ఆరినా ఊరుకోను! గాలి తగలకుండా అన్నిటికీ వెలుగు ఆపని అభ్రకం తొడుగులు బిగించండి!" అని పనివాళ్ల మీద కేకలేశాడు.

ఆ తర్వాత దూరాన దీపం కనబడగానే జనం చటుక్కున దారి వదిలేవారు. పేరు చదవడానికి మాత్రం ఒక్కరూ నిలబడలేదు.