మంకెన మూసుకున్న ఉప్పుగది

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెడదామంటే, ఈ కథలో అడవి లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ కూడా లేదు. సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఉప్పుకుంట ఉంది, అంతే. ఆ నీళ్లు నాలుక మీద వేసుకుంటే మంట పుడుతుంది. చేప అందులో పడితే బతకదు. అయినా అక్కడ కోటానుకోట్ల ప్రాణులు హాయిగా కాపురముంటున్నాయి. అవి మన కంటికి కనపడనంత చిన్నవి. ఉప్పే వాటికి బలం. ఉప్పు మరీ తగ్గితే వాటి ఒళ్లు విచ్చిపోతుంది.

అందులో ఎర్రటి ప్రాణి ఒకటి, దాని పేరు మంకెన. దాని పక్కనే పసరిక అనే ఇంకో ప్రాణి ఉండేది. చిన్నప్పుడు ఆకుపచ్చగా ఉన్న పసరిక, ఎండలు ముదిరి నీళ్లు చిక్కబడేకొద్దీ నారింజ రంగుకు తిరిగింది. మంకెన జాతివాళ్లు ఉప్పునీళ్లలో బతకడానికి ఒంట్లోనూ ఉప్పే నింపుకుంటారు. పసరిక పద్ధతి వేరు. అది ఎండ కాచుకుంటూ తీపి తయారుచేసి, ఆ తీపిని ఒంటినిండా నింపుకుంటుంది. అందులో కొంచెం బయటికి కారుతుంది. మంకెన లాంటి వాళ్లకు అదే అన్నం.

అన్నం పెట్టేవాళ్లను చూస్తే ప్రేమ పుట్టాలి కదా? మంకెనకు కుళ్లు పుట్టింది.

ఒకరోజు మంకెన చెల్లెలు దానిమ్మ తన పిల్లలకు పసరికను చూపించి, పెద్దయ్యాక అలా నలుగురికీ పెట్టే గుణం రావాలని చెప్పింది. మంకెన విన్నది. మూతి ఉంటే మూడు వంకరలు తిప్పేదే, పాపం దానికి మూతి లేదు.

మరో రోజు ఒక ఫ్లెమింగో కొంగ వచ్చి గట్టు మీద నిలబడింది. తన రెక్కలకు ఆ గులాబి రంగు రావడం పసరిక వాళ్ల చలవేనని మెచ్చుకుని పోయింది. మంకెనకు ఒళ్లు మండింది.

ఇంకో రోజు చేపలమ్మే చెంగమ్మ తట్ట దించి కుంట దగ్గర ఆగింది. "ఏంది ఈ కుంట ఇంత ఎర్రంగా ఉండాది! చూడను రెండు కళ్లు చాలవే" అంది. ఆ ఎరుపు ఎవరిది? మంకెన వాళ్లదే. కానీ కుళ్లు చెవిలో దూరాక సొంత పొగడ్త కూడా పరాయిదిగానే వినపడుతుంది. ఈ పొగడ్తా పసరికకే పోయిందని మంకెన కళ్లలో నిప్పులు పోసుకుంది.

ఎండలు ఇంకా మండాయి. కుంట ఎండిపోసాగింది. అడుగున ఉప్పు పలుకులు కట్టాయి. ఉప్పు గడ్డకట్టేటప్పుడు పలుకు లోపల చిన్న నీటిబొట్టు చిక్కుకుంటుంది. ఆ బొట్టే ఈ ప్రాణులకు గది. మళ్లీ వానలు పడి ఉప్పు కరిగేదాకా అందులో తలదాచుకోవాల్సిందే.

ఆ కుంటలో ఒక ఆచారం ఉంది. గదిలోకి ఎవరూ ఒంటరిగా పోరు. ఎర్రవాళ్లు పసరిక జాతిలో ఒకరిని తోడు తీసుకుపోతారు. వాళ్ల ఎరుపు ఆ తోడుకు ఎండదెబ్బ తగలకుండా కాస్తుంది. ఆ తోడు తీపి వీళ్ల కడుపు నింపుతుంది.

మంకెన గది ఇంకా పూర్తిగా మూసుకోలేదు. పసరిక వాకిట్లోకి వచ్చింది.

"అక్కా, కొంచెం జరుగు. నీతో వస్తాను."

"నీకు నేనెందుకు? నిన్ను పొగడటానికి కొంగలు వస్తాయిగా, వాటి దగ్గరికే పో."

"మరి లోపల ఏం తింటావక్కా?"

"నీ తీపి లేకపోతే నేను బతకననుకున్నావా?"

పసరికకు ఏడుపొచ్చింది. మంకెన వాకిలికి అడ్డంగా పడుకుంది. చుట్టూ ఉప్పు గట్టిపడి గది మూసుకుపోయింది. ఇంకా మూసుకోని పక్క గదిలోంచి దానిమ్మ పసరికను పిలిచింది. అక్కడ అప్పటికే ఒక తోడు ఉంది. అయినా ముగ్గురూ ఇరుక్కుని సర్దుకున్నారు.

మొదట్లో మంకెనకు ప్రాణం హాయిగా ఉంది. ఇక పసరికను ఎవరూ తన ముందు పొగడరు. గదంతా తనదే. కొన్నాళ్లకు ఆకలేసింది. ఒంట్లో దాచుకున్నదేదో తిని సరిపెట్టుకుంది. అదీ అయిపోయింది. ఉప్పుగోడ మసకగా ఉంది. అవతల పసరిక దానిమ్మకు తినిపిస్తున్నట్టు నీడలు ఆడుతున్నాయి. మంకెన కడుపు ఆకలితో సగం, అసూయతో సగం కాలింది. గోడను గట్టిగా నెట్టింది. గట్టిపడ్డ ఉప్పును వాన తప్ప ఎవరూ తెరవలేరు.

చివరికి మంకెన తన ఎరుపునే కొంచెం కొంచెంగా తినేసింది.

వానలొచ్చాయి. ఉప్పు కరిగి కుంట మళ్లీ నిండింది. దానిమ్మ ఎర్రగా, నిగనిగలాడుతూ బయటికొచ్చింది. దాన్ని చూడగానే మంకెనకు ముందు కుళ్లే వచ్చింది, తర్వాతే సిగ్గు వచ్చింది. తను వెలిసిపోయిన గుడ్డపీలికలా నీళ్లలో తేలుతోంది.

పసరిక గబగబా అటే వచ్చింది.

"ఎవరండీ మీరు? మా మంకెనక్కను ఎక్కడైనా చూశారా? ఎర్రగా ఉంటుంది. ఆకలితో ఉండి ఉంటుంది, తనకు పెట్టాలి."

నేనే ఆ మంకెననని చెప్పాలనుకుంది. కానీ వాకిలికి అడ్డంగా పడుకున్న రోజు గుర్తొచ్చి, పక్కకు తిరిగిపోయింది. పసరిక పక్కవాళ్లను అడగడానికి ముందుకు వెళ్లిపోయింది. మంకెన మెల్లగా కుంట అడుగుకు దిగిపోయింది.

నీతి: ఓర్వలేక ఎదుటివారికి తలుపు మూస్తే, మన నోటిదాకా వచ్చిన ముద్దను మనమే తోసేసుకున్నట్టు.