గోత్రం వారి నోటనే

"అందరికీ తెలిసిన సంగతిని మళ్లీ అడగడం దేనికి స్వామీ?"

ఈ మాట అడిగినవాడు పెద్దిరాజు, ఒక దినపత్రికకు మా మండలం విలేకరి. అడిగింది మా వేణుగోపాలస్వామి గుడి అర్చకులు శేషాచార్యులు గారిని. చిన్ననాటి నుంచీ ఆయన దగ్గరే భాగవతం చెప్పించుకున్న శిష్యుడు మరి.

వాడి బాధ చిన్నది కాదమ్మా, వినండి. లంక రేవులో పడవ బోల్తాపడి కూలికి వెళ్తున్న నలుగురు ఆడవాళ్లు పోయారు. ఆ రేవులో వంతెనకు ఎమ్మెల్యే గారు శంకుస్థాపన చేసి నాలుగేళ్లు. ఒక్క స్తంభం లేవలేదు. "ఎందుకు లేవలేదండీ?" అని విలేకరుల సమావేశంలో పెద్దిరాజు ఒక్కడే అడిగాడు. వారు నవ్వి, "తరవాతి ప్రశ్న" అన్నారు. ఆనాటి నుంచి తోటి విలేకరులు, టీకొట్టు దగ్గరికి వీడొస్తే బల్ల ఖాళీ చేస్తున్నారు. "కారణం ఊరందరికీ తెలిసిందే కదరా, నీకొక్కడికే వినాలనుందా?" అని ఒకడు అననే అన్నాడు. ఇవాళ పదకొండింటికి మళ్లీ ఎమ్మెల్యే గారి సమావేశం. అడగాలా, మానాలా?

ఆచార్యులు గారు తులసి దళాలు విడదీస్తున్నారు. అంతలో ఎమ్మెల్యే గారే దర్శనానికి వచ్చారు, వెంట యాభైమందితో. ఆచార్యులు గారు పూజపళ్లెం అందుకుని, అందరినీ అడిగినట్టే అడిగారు.

"గోత్రం, పేరు చెప్పండి."

ఎమ్మెల్యే గారు ఫోనులోంచి తలెత్తలేదు. పక్కనున్న అనుచరుడు నవ్వాడు. "ఏంటండీ ఆచార్లు గారూ! వారి పేరు ఫ్లెక్సీ మీద మీ గోపురం కన్నా ఎత్తునుంది, కనపళ్లేదా?"

"కనపడిందండీ. గోత్రమూ ముప్పయ్యేళ్లుగా ఎరుగుదును. కానీ వారి నోట రావాలి."

పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎమ్మెల్యే గారు ఫోను జేబులో వేసుకుని, "ఊళ్లో ఇంకో గుడి లేదా?" అని వెనుదిరిగారు. యాభైమందీ ఆయన వెంటే. క్యూలో ఉన్న మనవాళ్లు కూడా, తండ్రీ, ఎవరూ చెప్పకుండానే పక్కకి తప్పుకున్నారు. ధర్మకర్త గారు కండువా దులుపుకుంటూ, "కల్యాణోత్సవానికి ఆయనే దిక్కని తెలిసి కూడా..." అంటూ మెట్లు దిగిపోయారు. గుడి బయట పెద్దిరాజు చెప్పులు తప్ప ఇంకో జత మిగల్లేదు.

ఆచార్యులు గారు పళ్లెం కింద పెట్టి, గడప దాటి లోపలికి వెళ్లారు. స్వామి పాదాల దగ్గర వారు పూలు సర్దుతుంటే పెద్దిరాజు గడప బయట నుంచి చూశాడు.

"మీ పక్కన ఒక్కరూ నిలబడలేదు స్వామీ" అన్నాడు.

వారు తల తిప్పకుండానే అన్నారు:

"గర్భగుడిలో నా పక్కన ఎవరైనా ఎప్పుడు నిలబడ్డారు నాయనా?"