నాలుగో గీత

ట్రపీజ్ అంటే 'ఎగరడం' అని ఆ సర్కసు కరపత్రంలో అచ్చువేశారు. ఏ భాషలో అలా అంటారో మాత్రం వేయలేదు. నూకరత్నం ఆ మాటను నమ్మింది. రెండేళ్ళ సాధన తరువాత ఆ సాయంత్రం తొలిసారి జనం ముందు ఎగరవలసిన పిల్ల, నమ్మక ఏం చేస్తుంది?

మధ్యాహ్నం గురువు కణారన్ మాస్టారు ఆటల పలక మీద ఆమె పేరు తుడిచేశారు.

"నా తప్పేంటి మాస్టారూ?"

"తాళ్ళ ముడులు చూశావా?"

"ఊగే కర్ర తుడిచాను, చేతులకు సుద్దపొడి రాసుకున్నాను. ముడులు ఖలాసీల పని కదండీ! నేను ఎగిరేదాన్ని."

పైన దూలం మీద కూర్చున్న ఖలాసీ కాసిం నవ్వాడు. "మహారాణీవారికి మెడ పైకి తిరగదు మాస్టారూ!"

మాస్టారు అతనికి సైగ చేశారు. కాసిం ముడులు విప్పి, కర్రను తాళ్ళతో సహా కిందికి దించాడు. మాస్టారు దాన్ని తెచ్చి రత్నం చేతుల్లో పెట్టారు.

"ఇదిగో, నీ ట్రపీజ్. ఎగురు."

రత్నం బరి నడుమ నిలబడిపోయింది. చేతిలో కర్ర. రెండు తాళ్ళూ రంపపు పొట్టులో పడి ఉన్నాయి.

"గ్రీకులో ఆ మాటకు మూలం చిన్న బల్ల," అన్నారు మాస్టారు. "తరువాత ఒక ఆకారానికి పేరైంది. ట్రపీజియం. బడిలో గీశావా?"

"సమలంబ చతుర్భుజం. ఎనిమిదిలో గీశానండీ."

"ఎన్ని గీతలు?"

"నాలుగు."

"నీ దగ్గర ఎన్నున్నాయి?"

ఆమె కర్రను చూసింది. తాళ్ళను చూసింది. తల మెల్లగా పైకెత్తి దూలాన్ని చూసింది.

కర్ర భుజాన వేసుకుని తాళ్ళ నిచ్చెన ఎక్కింది. కాసిం పక్కకు జరిగి దూలం మీద చోటిచ్చాడు. ఆమె కట్టిన ఎడమ తాడు వేలెడు పొడవైంది. అతను చెయ్యి చాపబోయాడు.

"వద్దన్నా. నేనే కడతాను."

విప్పి మళ్ళీ కట్టింది. కింద మాస్టారు సుద్దముక్క తీసి, పలక మీద ఆమె పేరు రాశారు.

ఎగిరే ట్రపీజ్ ఆటను పారిస్‌లో తొలిసారి ప్రదర్శించినది 1859 నవంబరు 12న. నాలుగు భుజాల ఆకారానికి ట్రపీజియం అన్న పేరు 1570లో అచ్చయిన ఇంగ్లీషు రేఖాగణిత గ్రంథంలోనే ఉంది.