దొడ్డిగోడ రాయి

రింజిన్ వాళ్ళ అన్న దొడ్డిలో తోడేళ్ళు పదకొండు మేకల్ని చంపాయి. తిన్నవి రెండే. తక్కిన తొమ్మిదీ గొంతులు తెగి ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. రింజిన్ మఠంలో చేరి ఆరేళ్ళయింది, ప్రాణి హింస చెయ్యనని వ్రతం పట్టాడు. అయినా ఆ తొమ్మిదింటినీ మరిచిపోలేదు. మరిచిపోయే రకం కాదు.

మూడోవారం తిరక్కుండానే తోడేలొకటి ఊరిపైన గోతిలో పడింది. ఆ లదాఖ్ పల్లెలో తోడేళ్ళ కోసం తాతలు కట్టిన రాతి గొయ్యి అది. గోడలు లోపలికి వాలి ఉంటాయి, దిగిన జంతువు మళ్ళీ ఎక్కలేదు. పడ్డదాన్ని ఊరంతా రాళ్ళతో కొట్టి చంపుతారు. దానికో కట్టుబాటు ఉంది. ఎవరి రాయి వాళ్ళ దొడ్డిగోడలోంచే తియ్యాలి. అందరికంటే ఈమధ్య ఎవరి మేకలు పోయాయో ఆ ఇంటి మగవాడు మొదటి రాయి వెయ్యాలి. అతను వేసేదాకా ఇంకొకరు చెయ్యెత్తకూడదు.

అన్న ఉన్ని అమ్మడానికి లేహ్ వెళ్ళాడు. మొదటి రాయి రింజిన్ వంతుకొచ్చింది.

రాయి చంకన పెట్టుకుని మఠానికి వచ్చాడు. గురువు పల్జోర్ లామా ఎండలో కూర్చుని చిరిగిన బూటు కుట్టుకుంటున్నాడు.

"గురువుగారూ, వెయ్యమంటారా, మానమంటారా?"

"ఎక్కడ తీశావది?"

"దొడ్డి పడమటి గోడ, కింది వరస."

"దాని చోట ఏం పెట్టావు?"

"ఏం పెట్టను? నేలంతా గడ్డకట్టింది. గునపమే దిగడం లేదు, ఇంకో రాయి ఎలా పెకులుతుంది?"

ముసలాయన దారం కొరికాడు. బూటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, ఊరివైపు దిగిపోయాడు. అవుననలేదు, కాదనలేదు. రింజిన్‌కి ఒళ్ళు మండింది. విసవిసా గోతివైపు నడిచాడు.

అక్కడ ఏడిళ్ళవాళ్ళు రాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

"వచ్చాడయ్యా సన్యాసి!" అన్నాడు పక్కింటి ఇషే. "దాన్ని కొడతావా, దీవిస్తావా? సందె పడుతోంది. మంత్రాలు తర్వాత చదువుదువుగాని, ముందు విసురు."

రింజిన్ గోతిలోకి చూశాడు. బూడిదరంగు ఆడ తోడేలు. గోడకి ఆనుకుని నిలబడింది. గుర్రుమనడం లేదు, కదలడం లేదు. అతని చేతులనే చూస్తోంది.

రాయి తలమీదికి ఎత్తాడు.

"రింజిన్!" వదిన రొప్పుతూ గట్టెక్కి వస్తోంది. "మీ గురువుగారు మన గోడ కంతలో చతికిలబడ్డారు. లేవమంటే లేవరు. రాయి వస్తేనే లేస్తారట!"

అందరూ నవ్వారు. "చలికి మతి పోయినట్టుంది పెద్దాయనకి" అన్నాడు ఇషే.

అప్పుడు ఊరి దిగువనుంచి ఒక ఊళ వినబడింది. గోతిలోది చెవులు నిక్కించి, తలెత్తి, దానికి బదులు పలికింది. దాని జంట. మందల దగ్గరే ఉంది.

నవ్వులు ఆగిపోయాయి. ఇషే తన చేతిలో రాయివైపు చూసుకున్నాడు. ఎవరి రాయి వాళ్ళు చూసుకున్నారు. ముందుగా పరుగు తీసింది ఇషేనే.

రింజిన్ అందర్నీ దాటుకుని దిగాడు. రెండుసార్లు జారి పడ్డాడు. రాయి మాత్రం వదల్లేదు.

పల్జోర్ లామా వీపు బయటికి పెట్టి, కంతలో ముడుచుకుని కూర్చున్నాడు. కనుబొమలు మంచుపట్టి తెల్లబడ్డాయి. లోపల మేకలు ఆయన మోకాళ్ళమీదికి తోసుకొస్తున్నాయి. బయట, ఆయన వీపుకి రెండు బారల దూరందాకా కొత్త అడుగులు వచ్చి, అక్కడ కాసేపు తారాడి, పక్కకి తిరిగి వెళ్ళాయి.

రింజిన్ ఆయన్ని లేవదీశాడు. రాయి కంతలోకి నెట్టి, మడమతో తన్ని బిగించాడు.

"అది మీమీద పడుంటే?"

"పదకొండు మేకలు పోయిన రోజు అవి ఎటునుంచి వచ్చాయి?"

రింజిన్ గోడవైపు తిరిగాడు. ఇప్పుడు పెట్టిన రాయికి మూరెడు దూరంలో ఇంకో కంత ఉంది. మేకలు పోయాక అందులో ముళ్ళకంప కుక్కారు. నిరుడు తోడేలు పడ్డప్పుడు అక్కడి రాయి పెకిలించి అన్న చేతికిచ్చింది తనే. విసిరింది తాను కాదు కదా అని ఆ రోజు గర్వపడ్డాడు కూడా.

"గోతిలోది ఇంకా ఉందా?" అన్నాడు పల్జోర్ లామా.

"ఉంది."

"ఆ మూల పొడుగు దుంగ ఉంది. గోతిలో వాలుగా వేసి, దూరంగా నిలబడు. అది ఎక్కిపోయాక నువ్వు దిగు." ముసలాయన టోపీమీది మంచు దులుపుకున్నాడు. "మీ నిరుటి రాయి అడుగునే ఉంటుంది."